దేవదారు వలయం సన్నబడితే అది కరువు సంవత్సరమేనా?

ప్రశ్న
ఉలిబాడిస:

మా నాన్నగారు వడ్రంగి పని చేసేవారు. టేకు మొద్దును అడ్డంగా కోసిన ప్రతిసారీ దాని ముఖం మీది గీతలను వేలితో చూపించి, వెడల్పుగా ఉన్నది వానలు బాగా కురిసిన ఏడాది అనీ, సన్నగా ఉన్నది కరువు ఏడాది అనీ చెప్పేవారు. బడిలో సైన్సు పాఠంలోనూ ఇంచుమించు అదే చదువుకున్నాను కనుక ఇన్నేళ్లలో ఆ మాటను అనుమానించే అవసరం నాకు రాలేదు.

ఈమధ్య చార్‌ధామ్ యాత్ర ముగించుకుని తిరిగి వస్తూ దేహ్రాదూన్‌లోని ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ ప్రదర్శనశాలలో 700 ఏళ్లకు పైబడిన దేవదారు మొద్దు అడ్డుకోతను చూశాను. అంతకుముందు ఉత్తరకాశి వైపు ఒక కోత మిల్లు దగ్గర అడిగి, అరచేయంత మందమున్న దేవదారు ముక్కను నేనూ ఒకటి తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చాక దాని ముఖాన్ని సాన పట్టి, భూతద్దంతో చూసి 112 వలయాలు లెక్కపెట్టాను. కొన్నిచోట్ల నాలుగైదు గీతలు వరసగా వెంట్రుకల్లా దగ్గరపడి ఉన్నాయి. అవి కరువు సంవత్సరాలే అయి ఉంటాయని నేను అన్నప్పుడు, మాతో యాత్రకు వచ్చిన ఒక విశ్రాంత అధ్యాపకుడు అంగీకరించలేదు. ఎత్తైన కొండల మీద చెట్టు పెరుగుదలను తేల్చేది వాన కాదు, చలి అని ఆయన వాదన.

ఆయన చెప్పినదే నిజమైతే ఆ సన్న వలయాలను చలి ఎక్కువైన సంవత్సరాలుగా చదవాలా? మన రాయలసీమ కరువులకు ఆ హిమాలయ చెట్లలో ఏమైనా ఆనవాలు దొరుకుతుందా? భూమి వేడెక్కుతున్నదంటున్నారు కదా, చలి తగ్గితే ఆ చెట్లు ఇకముందు మరింత వేగంగా పెరుగుతాయని అనుకోవచ్చునా? తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరని కోరుతున్నాను.


జవాబు
మంచుదారి:

ఉలిబాడిస గారికి నమస్కారం. హిమాచల్‌లోనూ గఢ్వాల్‌లోనూ కొన్నేళ్లపాటు ఈ వలయాలను కొలిచే పనిలో ఉన్నవాడిని కనుక నాకు తెలిసినంత చెబుతాను. మీ నాన్నగారి మాట తప్పు కాదు, మీతో వచ్చిన అధ్యాపకుని మాటా తప్పు కాదు. అయితే మీ చేతిలో ఉన్న ముక్కకు వారిద్దరి మాటలూ పూర్తిగా సరిపోవు.

ముందు వలయం ఎలా ఏర్పడుతుందో చూద్దాం. బెరడుకూ చెక్కకూ మధ్య కేంబియం అనే పలుచని విభాజ్య పొర ఉంటుంది. కొండల మీది దేవదారు, పైన్ వంటి శృంగాకార వృక్షాలలో ఈ పొర చలికాలమంతా నిద్రపోతుంది. రోజు సగటు ఉష్ణోగ్రత సుమారు 8, 9 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన తరువాతనే అది మేల్కొని లోపలివైపుకు కొత్త దారుకణాలను పేర్చడం మొదలుపెడుతుంది. వసంతంలో పేర్చిన కణాలు పెద్దవిగా, పలుచని గోడలతో, లేత రంగులో ఉంటాయి. వేసవి ముదిరి పెరుగుదల మందగించే కొద్దీ కణాలు చిన్నవై, గోడలు దళసరి ఎక్కి, ముదురు రంగు గీత పడుతుంది. మొదటిది వసంతదారువు, రెండవది శరద్దారువు. ఆ ముదురు గీత దాటగానే మళ్లీ లేత రంగు మొదలయ్యే చోటే రెండు సంవత్సరాల మధ్య గట్టు. వలయం వెడల్పు అంటే ఆ ఏడాది కేంబియం ఎన్ని వరసల కణాలను పేర్చగలిగిందన్న లెక్క, దానితోపాటు ఆ కణాలు ఎంతెంత పెద్దవన్న లెక్క.

ఆ పని సాగాలంటే వెచ్చదనం కావాలి, నీరు కావాలి, వెలుతురు కావాలి, ఆకులు తయారుచేసిన పిండిపదార్థం నిల్వ ఉండాలి. జోడెడ్ల బండిలో వెనకబడిన ఎద్దు ఎంత నడిస్తే బండి అంతే నడిచినట్లు, వీటిలో ఏది అన్నిటికంటే తక్కువగా అందితే వలయం దాని మాటే వింటుంది. చెట్లు పెరగగల చివరి ఎత్తు దగ్గర, అంటే వృక్షరేఖ అంచున, నీరు సాధారణంగా చాలినంత ఉంటుంది. అక్కడ కొరత వెచ్చదనానిది. ప్రపంచంలోని పర్వతాలలో ఎక్కువ చోట్ల వృక్షరేఖ, పెరుగుదల కాలపు సగటు ఉష్ణోగ్రత 6, 7 డిగ్రీలు ఉండే ఎత్తుకు దగ్గరగా ఆగిపోవడానికి కారణం ఇదే. అదే కొండకు దిగువ అంచున, రాతినేల మీద, ఎండ తగిలే వాలులో ఉన్న చెట్టుకు వెచ్చదనం కావలసినంత ఉంటుంది, నీరే చాలదు. కాబట్టి ఒకే జాతి చెట్టు, ఒకే కొండ మీద, ఒకే సంవత్సరంలో పైన సన్న వలయాన్నీ కింద వెడల్పు వలయాన్నీ వేయవచ్చు. చలిగా, తడిగా గడిచిన వేసవిలో సరిగ్గా అదే జరుగుతుంది. మీతో వచ్చిన పెద్దమనిషి పై అంచు గురించి చెప్పారు, మీ నాన్నగారు కింది అంచుకు వర్తించే మాట చెప్పారు.

ఇక మీ దేవదారు సంగతి. పశ్చిమ హిమాలయాలలో దేవదారు ఎక్కువగా పెరిగే చోట్లు వృక్షరేఖకు చాలా దిగువన ఉంటాయి. అక్కడి వలయాలను వాతావరణ నమోదులతో పోల్చి చూసినప్పుడు పదేపదే తేలిన విషయం ఒకటుంది. మార్చి నుంచి మే వరకు వానలు బాగా పడితే వలయం వెడల్పవుతుంది, అదే నెలలలో వేడి ఎక్కువైతే సన్నబడుతుంది. చలికొండల చెట్టు వేడికి సన్నబడడం వినడానికి విడ్డూరంగా ఉంటుంది గాని, కారణం తేలికైనదే. ఋతుపవనాలు రాకముందు ఆ నేలలో ఉండే తడి అంతా చలికాలపు మంచుదీ వసంతపు జల్లులదీ. ఈ రెండింటినీ తెచ్చేవి మధ్యధరా సముద్రం వైపు నుంచి పడమటి గాలులతో కదిలివచ్చే పశ్చిమ అలజడులు. ఏప్రిల్, మే నెలలు మండితే మంచు ముందే కరిగిపోతుంది, నేలలోని తడి ఆవిరవుతుంది, ఉన్న నీటిని కాపాడుకోవడానికి చెట్టు పత్రరంధ్రాలను మూసుకుంటుంది, దానితో ఆహారం తయారీ కుంటుపడుతుంది. అంటే ఇక్కడ వేడి చేసే హాని కూడా నీటి కొరత రూపంలోనే చెట్టుకు తగులుతున్నది.

నైరుతి ఋతుపవనాలు ఆ కొండలను చేరేసరికి జూన్ చివరి రోజులు వస్తాయి. అప్పటికి కేంబియం ఆ ఏడాది పనిలో పెద్ద భాగాన్ని ముగించి ఉంటుంది. హిమాచల్‌లోని కిన్నౌర్ వంటి వానచాటు లోయలకైతే ఋతుపవనాల వాన సరిగా చేరనే చేరదు. అందుచేత మీ ముక్కలోని సన్న వలయాలు కరువును సూచిస్తున్నా, అది మనం కరువు అనే మాటతో తలచుకునే కరువు కాదు. జూలైలో చెరువు నిండకపోవడం గురించి కాక, ఏప్రిల్‌లో మంచు మిగలకపోవడం గురించి ఆ వలయం చెబుతున్నది. ఒక వలయాన్ని చూసి అది చలిదా కరువుదా అని అడగడానికి ముందు, అది ఏ నెలలలో, ఏ వాలు మీద ఏర్పడిందని అడగాలి.

మరొక్క సంగతి. మీ ముక్కలో బెరడు దగ్గరి వలయాలన్నీ మధ్యలోని వాటికంటే సన్నగా ఉంటే, దానిలో చాలా భాగం వాతావరణం పని కాదు. చెట్టు లావెక్కే కొద్దీ అంతే చెక్కను మరింత పెద్ద చుట్టు మీద పరచవలసి వస్తుంది కనుక వలయం దానంతట అదే పలుచబడుతుంది. మేము ముందుగా ఆ వయసు వాలును ఒక వక్రరేఖగా గీసుకుని, ప్రతి వలయాన్నీ ఆ రేఖతో భాగించిన తరువాతనే వాతావరణం జోలికి వెళతాము.


జవాబు
అనుమానం:

మంచుదారి గారి వివరణ బాగుంది, కానీ నాకు కొన్ని సందేహాలు మిగిలాయి. పక్కనున్న పెద్ద చెట్టు కూలిపోయి వెలుతురు పెరిగితే వలయాలు వెడల్పవుతాయి. పశువుల మేత కోసం కొమ్మలు నరికితే సన్నబడతాయి. పురుగు పట్టినా, కొండచరియ విరిగి వేళ్లు తెగినా అంతే. ఇన్ని కారణాలుండగా ఒక గీతను చూసి ఏప్రిల్‌లో వేడి ఎక్కువైందని తేల్చడం జాతకం చెప్పడానికి ఎంత దూరంలో ఉంది? పైగా ఏ ఏడాదైనా చెట్టు అసలు వలయమే వేయకపోతే ఆ తరువాతి తేదీలన్నీ తప్పిపోవా?


జవాబు
మంచుదారి:

అనుమానం గారూ, మీరడిగినది ఈ శాస్త్రం మొదటి రోజు నుంచీ వెంటాడుతున్న ప్రశ్నే. ఒక గీతను చూసి ఎవరూ ఏమీ తేల్చరు, తేల్చకూడదు కూడా.

ఈ పద్ధతికి బాట వేసిన ఆండ్రూ ఎలికాట్ డగ్లస్ నిజానికి ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుని మచ్చల 11 సంవత్సరాల ఆవృత్తికి భూమి మీద ఏదైనా సాక్ష్యం దొరుకుతుందేమోనని ఆయన 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో అరిజోనాలోని పొండెరోసా పైన్ మొద్దులను పరిశీలించడం మొదలుపెట్టాడు. వెతికిన ఆవృత్తి ఆశించినంత స్పష్టంగా చేతికి రాలేదు గాని, అంతకంటే విలువైనది ఒకటి చిక్కింది. మైళ్ల దూరంలో ఉన్న చెట్లలో కూడా సన్న వలయాల వరస ఒకే క్రమంలో కనిపించింది. ఒక చెట్టుకు జరిగిన ప్రమాదం ఆ చెట్టుకే పరిమితం. పది కిలోమీటర్ల పరిధిలోని నలభై చెట్లు ఒకే ఏడాది సన్నబడ్డాయంటే, అవన్నీ కలిసి అనుభవించినది వాతావరణాన్ని మాత్రమే. ఈ వరసలను చెట్టు నుంచి చెట్టుకు సరిపోల్చి తేదీలను ఖాయపరచే పనిని మేము అడ్డుతేదీ పోలిక అంటాము. 1937లో ఆయన అరిజోనా విశ్వవిద్యాలయంలో నెలకొల్పిన వృక్షవలయ పరిశోధనశాల నేటికీ పనిచేస్తున్నది.

వలయం లోపించడం నిజంగా జరుగుతుంది. బాగా ఒత్తిడికి గురైన ఏడాది కాండం కింది భాగానికి ఆహారం చేరక, కొమ్మల దగ్గర పడిన వలయం ఛాతీ ఎత్తున పడకపోవచ్చు, లేదా చుట్టులో ఒక పక్కనే పడవచ్చు. దీనికి విరుద్ధంగా, వసంతంలో ఎండి మధ్యలో ఒక మంచి వాన పడితే ఒకే ఏడాదిలో రెండు ముదురు గీతలు కనిపించి మనలను మోసగించవచ్చు. దొంగ గీత అంచు నెమ్మదిగా కరిగిపోతుంది, నిజమైన గీత అంచు కత్తితో కోసినట్లు ఉంటుంది. చూడగా చూడగా కన్నుకు అలవాటవుతుంది. నేను మొదట కొలిచిన నమూనాలలో ఒకదానికి వారం రోజులు కూర్చుని తేదీలన్నీ వేశాను. మా గురువుగారు దానిని మిగతా చెట్ల వరసల పక్కన పెట్టి చూసి, ఒక చోట నుంచి వెనకకు వలయాలన్నీ రెండేళ్లు జరిగి ఉన్నాయని అర నిమిషంలో పట్టుకున్నారు. ఆ రెండు లోపించిన వలయాల కోసం మరో రెండు వారాలు వెతికాను.

ఇక ఏ చెట్టును ఎంచుకుంటామన్నది కూడా ముఖ్యమే. దట్టమైన అడవి మధ్యలో, మంచి నేలలో, సుఖంగా పెరిగిన చెట్టు మాకు పనికిరాదు, దాని వలయాలన్నీ ఒకే వెడల్పులో ఉండి ఏమీ చెప్పవు. రాతి పగులులో ఒంటరిగా నిలిచిన, వంకర తిరిగిన, చూడగానే జాలి కలిగించే చెట్టు కావాలి. అటువంటి చెట్టును నరకనవసరం లేదు. వడ్రంగి బరమా వంటి బోలు పనిముట్టును చేతితో తిప్పుతూ లోపలికి దించితే, ఇంచుమించు 5 మిల్లీమీటర్ల మందమున్న పుల్ల బయటకు వస్తుంది, ఆ రంధ్రాన్ని చెట్టు బంకతో తనే పూడ్చుకుంటుంది. లాహౌల్‌లోని ఎండిన వాలుల మీది జూనిపర్ల నుంచి ఇలా తీసిన పుల్లలనూ మొద్దుల కోతలనూ కలిపి లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ పరిశోధకులు క్రీ.శ. 420 వరకు వెనకకు వెళ్లే 1,584 సంవత్సరాల వరుసను నిర్మించి 2006లో ప్రకటించారు.

తరువాతి మెట్టు వాతావరణ నమోదులతో పోల్చడం. అందుబాటులో ఉన్న నమోదులలో ఒక సగంతో సంబంధాన్ని తేల్చుకుని, రెండవ సగాన్ని దాచిపెట్టి, వలయాల నుంచి మేము వేసిన అంచనా ఆ దాచిన సగానికి సరిపోతున్నదో లేదో చూస్తాము. సరిపోకపోతే ఆ చెట్లను ఎంత కష్టపడి కొలిచినా పక్కన పెట్టవలసిందే. హిమాలయాలలో ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. నూరేళ్లకు మించిన నమోదులున్న కేంద్రాలు ఏ పట్టణంలోనో లోయలోనో ఉంటాయి, చెట్లేమో వాటికి వెయ్యి, రెండు వేల మీటర్ల పైన ఉంటాయి. ఉష్ణోగ్రత ఎత్తుతో ఒక పద్ధతిగా తగ్గుతుంది కాబట్టి సర్దుకోవచ్చు గాని, వాన ఒక మలుపు దాటితే మరోలా ఉంటుంది. జాతకమని మీరన్న మాట ఈ ఒక్క చోట మాత్రం నాకు కాస్త గుచ్చుకుంటుంది.


జవాబు
పడమటిగట్టు:

నేను ఇరవై ఏళ్లుగా అమెరికాలోని కొలరాడోలో ఉంటున్నాను. ఊరు కృష్ణా డెల్టాలోని కాలువ గట్టు మీది పల్లె. మంచుదారి గారు చెప్పిన పై అంచు, కింది అంచు వ్యత్యాసానికి ఇక్కడ రెండు మంచి ఉదాహరణలున్నాయి కనుక రాస్తున్నాను.

కింది అంచు కథ నీళ్ల పంపకానికి సంబంధించినది. కొలరాడో నది నీటిని ఏడు రాష్ట్రాలు పంచుకుంటూ 1922లో ఒడంబడిక చేసుకున్నప్పుడు, ఎగువ పరీవాహకానికీ దిగువ పరీవాహకానికీ సమానంగా, ఏడాదికి మొత్తం 1.5 కోట్ల ఎకరా అడుగులు కేటాయించారు. మన లెక్కలో అది సుమారు 653 టీఎంసీలు. వారి దగ్గర అప్పటికి ఉన్న ప్రవాహపు లెక్కలు రెండు, మూడు దశాబ్దాలవే. తరువాత ఆ పరీవాహకపు కొండలలో, నీటి కొరతను అనుభవించే దిగువ వాలులలో పెరిగిన డగ్లస్ ఫర్, పిన్యన్ పైన్, పొండెరోసా పైన్ వలయాలను కొలిచి, చార్లెస్ స్టాక్‌టన్, గోర్డన్ జాకబీ 1976లో నది ప్రవాహాన్ని కొన్ని శతాబ్దాల వెనకకు పునర్నిర్మించారు. సగటు 1.35 కోట్ల ఎకరా అడుగులు, అంటే 588 టీఎంసీలు మాత్రమేనని తేలింది. ఒడంబడికకు ఆధారమైన ఆ కొద్దిపాటి సంవత్సరాలు నాలుగు శతాబ్దాలకు పైబడిన కాలంలోనే అరుదైన తడి సంవత్సరాలు. లేని నీటిని పంచుకున్నారన్నమాట.

ఇది చదివినప్పుడు నాకు కృష్ణా జలాల పంపకం మీది బచావత్ తీర్పు గుర్తుకు రావడం సహజం. అక్కడ 1894-95 నుంచి 1971-72 వరకు 78 సంవత్సరాల లెక్కలు తీసుకుని, 75 శాతం విశ్వసనీయత మీద 2,060 టీఎంసీలుగా తేల్చారు. సగటును కాక నాలుగింట మూడేళ్లు తప్పక దొరికే నీటిని లెక్కించడం కొలరాడో వారికంటే వివేకమైన పని అని నా అభిప్రాయం. అయినా 78 సంవత్సరాలు ఒక నది జీవితంలో ఏపాటి?

పై అంచు కథ కాలిఫోర్నియాలోని వైట్ మౌంటెన్స్‌ది. అక్కడి బ్రిసిల్‌కోన్ పైన్ చెట్లలో 4,800 ఏళ్లు దాటినవి ఉన్నాయి, ఎడ్మండ్ షుల్మన్ 1950లలో వాటి వయసును బయటపెట్టాడు. మాథ్యూ సాల్జర్ బృందం 2009లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, వృక్షరేఖకు దిగువన సుమారు 150 మీటర్ల లోపు ఉన్న ఈ చెట్లు 20వ శతాబ్దం రెండవ సగంలో వేసిన వలయాలు, గడచిన 3,700 సంవత్సరాలలోని మరే 50 ఏళ్ల వలయాలకంటేనూ వెడల్పయినవి. కొండ దిగితే అదే జాతి చెట్లలో ఆ వేగం కనిపించదు, అక్కడివి నీటి లెక్కనే చెబుతాయి. ఒక మధ్యాహ్నం ఆ వాలు మీద నడిచాను. కొద్ది నిమిషాలు కిందికి దిగితే చాలు, చెట్టు మాట్లాడే విషయం మారిపోతుంది, కంటికి మాత్రం అన్నీ ఒకే ముసలి చెట్లు.


జవాబు
ఉలిబాడిస:

అందరికీ కృతజ్ఞతలు. వలయం వెనక ఇన్ని లెక్కలుంటాయని ఊహించలేదు. పడమటిగట్టు గారు చెప్పిన బ్రిసిల్‌కోన్ సంగతి చూస్తే, కనీసం పై అంచున ఉన్న చెట్లకు వేడి మేలు చేస్తున్నదనే కదా అర్థం? హిమాలయాలలోనూ అంతేనా? నా రెండవ ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. మా నాయనమ్మ తన అత్తగారి నోట విన్న ధాత కరువు కథలు చెప్పేది. ఆ ధాత నామ సంవత్సరం 1876. హిమాలయ దేవదారు ఏప్రిల్ గురించే చెబుతుందంటే, ఆ కరువుకు ఏ చెట్టులోనూ గీత లేదా?


జవాబు
భూర్జపత్రం:

ధాత కరువుకు గీత ఉంది, కాకపోతే ఒక్క చెట్టులో కాదు. వృక్షవలయ పరిశోధకుడు ఎడ్వర్డ్ కుక్, ఆయన సహచరులు ఆసియా అంతటా సేకరించిన 300కు పైగా వలయ వరుసలను కలిపి, గత వెయ్యేళ్లలో ఋతుపవన ప్రాంతపు వేసవి కరువులను పటాలుగా గీసి 2010లో ప్రకటించారు. ఆ పటాలలో 1876-78 మహా కరువు స్పష్టంగా కనిపిస్తుంది, దక్కనులో పుర్రెల కరువు నడిచిన 1790-96 కాలం కూడా కనిపిస్తుంది. ఆ వరుసలలో చాలా భాగం హిమాలయాలు, టిబెట్, వియత్నాం, థాయిలాండ్, మంగోలియా వంటి చోట్లవి. మన దగ్గర వాన ఎగవేసిన ఏడాది పసిఫిక్ సముద్రపు వేడిలో వచ్చిన మార్పు, అంటే ఎల్ నినో, ఆసియాలోని ఇతర చోట్ల కూడా తడినీ ఎండనూ తారుమారు చేస్తుంది. దూరపు చెట్లు ఆ తారుమారును నమోదు చేస్తాయి, వాటన్నిటి మధ్య పొంతన నుంచి మన మీది కరువును లెక్కకడతారు. అనుమానం గారు అడిగేలోపు నేనే చెబుతున్నాను, దగ్గరలో చెట్లు లేని చోట ఆ పటాన్ని జిల్లా స్థాయిలో నమ్మడం సరి కాదు.

దక్షిణాదిలో ఆ పనికి ఉన్న చెట్టు మీ నాన్నగారి టేకే. మనకు సహజంగా పెరిగే శృంగాకార అడవులు లేవు, అరకు దారిలో కనిపించే పైన్ తోటలు నాటినవి. టేకు మాత్రం ఎండాకాలంలో ఆకు రాల్చి నిద్రపోయి, వానతో లేచి పెద్ద దారునాళాల వరసను వేస్తుంది కనుక దానిలో వార్షిక వలయం స్పష్టంగా ఉంటుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ పరిశోధకులు కేరళ టేకు వలయాల నుంచి కొన్ని శతాబ్దాల ఋతుపవన లోటును చదివారు. మీ నాన్నగారు చూపించిన గీతలు ఆయన చెప్పినదే చెబుతున్నాయి.

ఇక హిమాలయ వృక్షరేఖ. ఇక్కడ నేను మంచుదారి గారి సూత్రానికి ఒక మినహాయింపు చేర్చాలి. నేపాల్‌లో 3,900 మీటర్ల పైన, వృక్షరేఖ అంచునే ఉన్న భూర్జ వృక్షాల వలయాలను పరిశీలించినప్పుడు, అక్కడ కూడా కొరత వెచ్చదనానిది కాదనీ, ఋతుపవనాలకు ముందు నెలల తడిదనీ తేలింది. మన పూర్వులు తాళపత్రాలు దొరకని చోట రాసుకున్న భూర్జపత్రాలు ఈ చెట్టు బెరడే. అది శృంగాకార వృక్షం కాదు నిజమే, కానీ అది పెరిగే ఎత్తున పెరిగే ఫర్‌లు కూడా అదే ఎండను చూస్తాయి. దీనికి భిన్నంగా ఆగ్నేయ టిబెట్‌లో, ఋతుపవనాల తడి బాగా అందే కొండలలో స్మిత్ ఫర్ వలయాలు వేసవి రాత్రుల కనిష్ఠ ఉష్ణోగ్రతను అనుసరిస్తాయి. గంగోత్రి హిమానీనదం దగ్గరి నీలి పైన్ చెట్లలో ఇటీవలి వేగమైన పెరుగుదలకూ హిమానీనదం వెనకకు తగ్గడానికీ పొంతన ఉందని కూడా చూపారు. కాబట్టి వేడి మేలు చేస్తుందా అన్న ప్రశ్నకు హిమాలయాలంతటికీ ఒక జవాబు లేదు. వెచ్చదనం కొరతగా ఉన్నంతవరకు వేడి మేలే. ఆ కొరత తీరిన తరువాత అదే వేడి నేలను ఎండబెట్టడం మొదలుపెడుతుంది, వలయం అప్పటి నుంచి మరో కొరత మాట వింటుంది.

ఉత్తర ధ్రువం వైపు అడవులలో ఇటువంటిదే పరిశోధకులను ఇబ్బంది పెట్టింది. 1960ల వరకు వేసవి ఉష్ణోగ్రతతో చక్కగా కలిసి నడిచిన కొన్ని చోట్ల వలయాలు, ఆ తరువాత ఉష్ణోగ్రత పెరుగుతున్నా అంతగా పెరగలేదు. ఎండ ఒత్తిడి, మంచు కరిగే తేదీలో మార్పు, వాతావరణంలోని ధూళి వల్ల తగ్గిన వెలుతురు అంటూ పలు కారణాలు చెప్పారు, అన్ని చోట్లకూ ఒకే కారణం కుదరలేదు. పాత శతాబ్దాల వేడిని వలయాల నుంచి చదివేవారు ఈ సంగతిని దాటవేయకూడదని నా అభిప్రాయం, ఎందుకంటే ఇప్పుడు తప్పిన పొంతన పూర్వం కూడా ఎప్పుడైనా తప్పి ఉండవచ్చు.


జవాబు
ఉలిబాడిస:

చాలా సంతోషం. టేకు విషయంలో నాన్నగారు నెగ్గారన్నమాట. ఒక చిన్న సందేహం మిగిలింది. నా దేవదారు ముక్కలో దవ్వ సరిగ్గా మధ్యలో లేదు, బాగా ఒక పక్కకు జరిగి ఉంది. దూరంగా ఉన్న వైపు వలయాలన్నీ వెడల్పుగా, ముదురు భాగం ఎక్కువై, కొంచెం ఎర్రగా ఉన్నాయి. నేను 112 లెక్కపెట్టినది ఆ వైపే. రెండవ వైపు లెక్కపెడితే 109 వస్తున్నాయి.


జవాబు
మంచుదారి:

అయితే మీ చెట్టు వాలు మీద ఒరిగి పెరిగింది. శృంగాకార వృక్షం ఒరిగినప్పుడు కిందివైపు, అంటే లోయవైపు, దళసరి గోడల కణాలను ఎక్కువగా పేర్చి కాండాన్ని మళ్లీ నిటారుగా నెట్టుకుంటుంది. ఆ ఎర్రని వెడల్పు వలయాలు చెట్టు తన బరువుతో పడిన పెనుగులాట, వాటిలో వాతావరణాన్ని వెతకకండి. బరమా దించేటప్పుడు కొండ వాలుకు అడ్డంగా, పక్కవైపు నుంచి దించేది ఇందుకే. మీ ముక్కలో ఆ రెండు వైపులకూ మధ్యలో, పక్కగా ఒక గీత గీసుకుని దాని వెంట కొలవండి. తగ్గిన ఆ మూడు వలయాలు కొండవైపున పడకుండా పోయినవి అయి ఉండవచ్చు. ఒక్కొక్క వలయాన్ని భూతద్దం కింద చుట్టూ వెంబడించి వెళితే అవి ఎక్కడ సన్నబడి మాయమవుతున్నాయో మీకే కనిపిస్తుంది. ఆ ఎర్ర భాగంతో పీట చేయించాలనుకుంటే మాత్రం ఆలోచించుకోండి, ఆరేకొద్దీ అది మెలి తిరుగుతుంది.


జవాబు
ఉలిబాడిస:

మెలి తిరిగే చెక్కను నాన్నగారు వాసన చూసినట్లు పట్టేవారు, లోయవైపు అన్న కారణం మాత్రం ఇవాళే తెలిసింది. ఆ మూడింటిలో ఒకటి దొరికింది. బెరడు నుంచి లోపలికి 31వ గీత, కొండవైపు చేరకముందే పక్క గీతలో కలిసిపోయింది. మిగతా రెండింటి కోసం రేపు పగటి వెలుతురులో చూస్తాను.